ఇంజను దొరికింది, ఇక పగ్గం కావాలి

విశాఖపట్నం తీరంలో ఆటుపోట్ల నీటి నుంచి వేరుచేసిన ఒక సూక్ష్మజీవికి 2007లో శాస్త్రవేత్తలు ఈ ఊరి పేరే పెట్టారు. దాని పేరు రోడోవులమ్ విశాఖపట్నమెన్సె. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో చింతలపాటి వెంకట రమణ, జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో చింతలపాటి శశికళ నడిపిన పరిశోధనల ఫలితమది. వెలుతురు నుంచి శక్తి తీసుకుని బతికే ఊదారంగు బ్యాక్టీరియాల కోవకు చెందిన జీవి అది. అదే ఏడాది భీమిలి పేరుతో మరో ఊదారంగు బ్యాక్టీరియా, మారిక్రొమేషియం భీమ్లికం, సూక్ష్మజీవుల జాబితాకెక్కింది. రేవుకూ ఉక్కుకూ పేరుపడ్డ ఊరికి కంటికి ఆనని ఇలాంటి ప్రాణులతో పనేమిటని అనిపించవచ్చు. పని ఉంది. ప్రపంచంలోని కొన్ని ప్రయోగశాలలు తయారుచేస్తున్న అతి చిన్న రోబోలను ఇప్పుడు బతికున్న బ్యాక్టీరియాలే నడుపుతున్నాయి. మందును మోసుకుంటూ కణితి లోపలికి ఈదుకెళ్లే వాహనాన్ని తయారుచేయాలన్నది ఆ పరిశోధకుల లక్ష్యం. ఈ కబురు పత్రికల్లోకి వచ్చినప్పుడల్లా ఆ రోబో ఎంత చిన్నది, ఎంత వేగంగా ఈదుతుంది అన్న ఆశ్చర్యమే ముందుంటుంది. కానీ ఇంజను సమస్యను ప్రకృతి ఎప్పుడో తీర్చేసింది. మిగిలింది ఆ ఇంజనును మళ్లించడం, ఆపడం, దాని నడవడికకు పూచీ పడడం. ఈ మూడూ చేతనైన రోజునే ఇది వైద్యం అవుతుంది. అందాకా ఎంత గొప్పదైనా ప్రయోగంగానే మిగులుతుంది.

బతికున్న ఇంజను అవసరం ఎందుకొచ్చిందో ముందు చూడాలి. మిల్లీమీటరులో వెయ్యోవంతును మైక్రాన్ అంటారు. రెండు మూడు మైక్రాన్ల వస్తువుకు నీళ్లు మనకు తెలిసిన నీళ్లలా ఉండవు. అంత చిన్న లోకంలో వస్తువు బరువు, దాని ఊపు లెక్కలోకి రావు. నీటి జిగట ఒక్కటే రాజ్యం చేస్తుంది. అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ పర్సెల్ 1976లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో దీన్ని లెక్కగట్టి చూపాడు. ఈదుతున్న బ్యాక్టీరియా హఠాత్తుగా ఈత మానేస్తే అది ఊపుమీద ముందుకు జరిగే దూరం ఒక పరమాణువు వెడల్పు కంటే కూడా తక్కువ. ఇంకో చిక్కును కూడా ఆయన తేల్చిచెప్పాడు. ఆల్చిప్పలా తెరుచుకుంటూ మూసుకుంటూ ఈదాలని చూస్తే, తెరిచినప్పుడు ఎంత జరిగిందో మూసినప్పుడు అంతే వెనక్కి వచ్చి, బయల్దేరిన చోటే నిలుస్తుంది. ముందుకు పోవాలంటే వెనక్కి తిప్పి చూస్తే ఒకేలా కనిపించని కదలిక కావాలి. మరమేకులా ఒకే వైపు తిరిగే మెలిక అలాంటిది. ఆ మెలికను తిప్పే మోటారునూ, ఆ మోటారుకు చాలినంత బ్యాటరీనీ రెండు మైక్రాన్లలో ఇమిడ్చే విద్య మన పరిశ్రమలకు ఇంకా చిక్కలేదు.

బ్యాక్టీరియాకు మాత్రం అది పుట్టుకతో వచ్చిన విద్య. దాని ఒంటి నుంచి వెలువడే సన్నని తోకలను పాఠ్యపుస్తకాల్లో కశాభాలు అంటారు. అవి కొరడాల్లా ఊగుతాయని చాలాకాలం అనుకున్నారు. 1973లో హోవర్డ్ బెర్గ్, రాబర్ట్ ఆండర్సన్ అవి చక్రంలా గిర్రున తిరుగుతాయని వాదించారు. మరుసటి ఏడాదే మైఖేల్ సిల్వర్‌మన్, మెల్విన్ సైమన్ ఆ తోకను గాజు పలకకు అతికించి, బ్యాక్టీరియా ఒళ్లే గుండ్రంగా తిరుగుతుండడాన్ని సూక్ష్మదర్శినిలో చూపించారు. తోక మొదట్లో ఉండే మోటారు అడ్డకొలత సుమారు 45 నానోమీటర్లు, అంటే మైక్రాన్‌లో ఇరవయ్యో వంతు. కణం వెలుపలి నుంచి లోపలికి వచ్చే ప్రోటాన్ల ప్రవాహం దాన్ని తిప్పుతుంది. ఒక్క చుట్టుకు వెయ్యికి పైగా ప్రోటాన్లు ఖర్చవుతాయి. ఉప్పునీటిలో బతికే విబ్రియో ఆల్జినోలిటికస్ సోడియం అయాన్లతో తన మోటారును నడుపుకుంటుంది. దాని వేగం సెకనుకు 1,700 చుట్ల దాకా కొలిచారు, అంటే నిమిషానికి లక్ష చుట్లు. ఈ ఇంజను ఇంధనాన్ని చుట్టూ ఉన్న నీటిలోనే వెతుక్కుంటుంది, పాడైతే తానే బాగుచేసుకుంటుంది, తన లాంటి ఇంజన్లను తానే పుట్టిస్తుంది. చేతులతో తయారుచేసిన ఏ యంత్రానికీ ఈ మూడు గుణాలూ ఒక్కచోట లేవు.

ఇంత బలం ఉన్నప్పుడు పని చేయించుకోవడం కష్టం కాదనిపిస్తుంది. మొదటి ప్రయోగాలు కూడా ఆ నమ్మకాన్నే ఇచ్చాయి. 2006లో జపాన్ పరిశోధకులు గాజు లాంటి పదార్థంతో చేసిన 20 మైక్రాన్ల చక్రాన్ని మైకోప్లాస్మా మొబైల్ అనే బ్యాక్టీరియాతో తిప్పించారు. 2010లో ఇటలీలో రోబెర్టో డి లియోనార్డో బృందం, అమెరికాలో ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల బృందం విడివిడిగా, రంపపు పళ్లలాంటి అంచున్న చిన్న చక్రాలను బ్యాక్టీరియాలు ఈదుతున్న ద్రవంలో వేస్తే అవి వాటంతటవే ఒకే దిక్కుగా తిరుగుతాయని చూపించాయి. 2016లో బెంగళూరులో అజయ్ సూద్, రాజేశ్ గణపతి తదితరులు బ్యాక్టీరియాల కదలికనే వేడిగా వాడుకునే మైక్రాన్ పరిమాణపు ఉష్ణ యంత్రాన్ని నడిపి చూపారు. రోబోకు దగ్గరి రూపం అంతకుముందే, 2007లో వచ్చింది. అమెరికాలో బహారే బెహ్కమ్, మెటిన్ సిట్టి 10 మైక్రాన్ల ప్లాస్టిక్ పూసకు సెరేషియా బ్యాక్టీరియాలను అతికించి ఈదించారు. విశాఖ రేవులో డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు కాలువ గుండా పెద్ద ఓడను లోపలికి తెచ్చే టగ్గు బోట్లను చూసినవారికి ఈ అమరిక వెంటనే అర్థమవుతుంది. తనకంటే ఎంతో పెద్ద శరీరాన్ని చిన్నవి చుట్టూ చేరి నెడుతున్నాయి. అయితే టగ్గుల మీద మనుషులుంటారు, ఓడ మీద పైలట్ ఉంటాడు, అందరూ ఒకే ఆజ్ఞకు కట్టుబడతారు. పూసకు అంటుకున్న బ్యాక్టీరియాలు దేని దారిన అది నెడతాయి. అందుకే ఆ పూస ఒక గమ్యం అంటూ లేకుండా తిరుగాడింది.

గుంపు కట్టినా ఈ చిక్కు తీరదు. 2002లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో అదితి సింహ, శ్రీరామ్ రామస్వామి ద్రవంలో ఈదే జీవుల గుంపులపై ఒక సిద్ధాంతం ప్రకటించారు. ఒకే దిక్కుకు తిరిగి వరుసలో ఈదే సూక్ష్మజీవుల గుంపు ఆ వరుసను నిలుపుకోలేదనీ, అవి రేపే నీటి ప్రవాహాలే ఆ వరుసను చెదరగొడతాయనీ ఆ సిద్ధాంత సారం. ఆ సిద్ధాంతం ఈ రంగానికే పునాదిరాళ్లలో ఒకటయింది. మన వాదనకు ఇది కీలకమైన సాక్ష్యం. ఎక్కువ బ్యాక్టీరియాలను జతచేస్తే ఎక్కువ పని జరుగుతుందనే లెక్క ఇక్కడ చెల్లదు. రంపపు చక్రం తిరిగిందంటే దానికి కారణం దాని పళ్ల వాలు. దిక్కులేని బలానికి ఆ వాలు దిక్కునిచ్చింది. అదుపు బయటి నుంచి రావాలన్న పాఠం తొలి ప్రయోగాల్లోనే ఉంది.

ఆ అదుపు కోసం సాగిన వెతుకులాటలో గట్టి ఫలితమిచ్చింది ఇనుము. 1963లో ఇటలీలో సాల్వతోరే బెల్లీని, 1975లో అమెరికాలో రిచర్డ్ బ్లేక్‌మోర్ అయస్కాంతం చూపిన దిక్కున ఈదే బ్యాక్టీరియాలను గమనించారు. నీటిలో కరిగిన ఇనుమును అవి పీల్చుకుని, ఒంట్లోనే మాగ్నటైట్ స్ఫటికాలుగా పేర్చుకుంటాయి. ఒక్కో స్ఫటికం కొన్ని పదుల నానోమీటర్లు. అవి వరుసగా గొలుసు కట్టి దిక్సూచి ముల్లులా పనిచేస్తాయి. బైలదిల్లా కొండల నుంచి రైలెక్కి వచ్చే ఇనుప ఖనిజాన్ని కొలిమిలో కరిగించే ఊరికి ఈ పనితనం విలువ చెప్పనక్కర్లేదు. వేడీ ఒత్తిడీ లేకుండా, బురదలో, కొలత తప్పకుండా ఇనుప స్ఫటికాలను పేర్చే పని అది. మాంట్రియల్‌లో సిల్వాన్ మార్టెల్ బృందం ఎంసీ-1 అనే ఇలాంటి బ్యాక్టీరియాను ఎంచుకుంది. సాధారణంగా చిన్న అయస్కాంత కణాన్ని ఒంట్లోపలికి లాగాలంటే చాలా బలమైన క్షేత్రం కావాలి. ఎంసీ-1ని లాగనక్కర్లేదు, దాని ముఖం తిప్పితే చాలు, ఈత అదే ఈదుకుంటుంది. బలం జీవిది, దిక్కు మనది. ఈ పని విభజనే ఈ రంగంలో నిజమైన ముందడుగు.

రెండో పగ్గం వెలుతురు. 2000 సంవత్సరంలో సముద్రపు బ్యాక్టీరియాల్లో ప్రోటియోరోడాప్సిన్ అనే ప్రోటీన్‌ను కనుగొన్నారు. కాంతి పడితే అది ప్రోటాన్లను బయటికి తోడుతుంది. ఆ ప్రోటాన్లు తిరిగి లోపలికి వస్తూ కశాభం మోటారును తిప్పుతాయి. 2017లో డి లియోనార్డో బృందం ఈ ప్రోటీన్ ఉన్న ఈ.కోలి బ్యాక్టీరియాలతో చిన్న మోటార్లను నడిపి, కాంతిని పెంచీ తగ్గించీ వాటి వేగాన్ని మార్చింది. ఆపే ఉపాయాలు కూడా ఉన్నాయి. బెహ్కమ్, సిట్టి రాగి అయాన్లతో మోటారును నిలిపి, రాగిని పట్టేసే ఈడీటీఏ అనే రసాయనంతో మళ్లీ నడిపించారు. ప్రకృతిలో అంతకంటే మేలైనవి ఉన్నాయి. నేల బ్యాక్టీరియా బాసిల్లస్ సబ్టిలిస్‌లో మోటారును తోక నుంచి విడదీసే క్లచ్ లాంటి ప్రోటీన్‌ను 2008లో గుర్తించారు. ఊదారంగు బ్యాక్టీరియా రోడోబాక్టర్ స్ఫీరాయిడిస్ మోటారును పట్టి నిలిపేది నిజమైన బ్రేకేనని 2009లో తేలింది. విశాఖ పేరు పెట్టుకున్న రోడోవులమ్ ఈ రోడోబాక్టర్‌కు దగ్గరి చుట్టమే. విశాఖ జీవిని ఎవరూ రోబోకు కట్టలేదు. కానీ బ్రేకులూ క్లచ్‌లూ దొరికింది ఇలా ఒక్కో జీవిని ఓపిగ్గా వేరుచేసి, పేరుపెట్టి, దాచి ఉంచిన పరిశోధనల వల్లే. ఆ పనిని పేర్ల జాబితాగా చిన్నచూపు చూసే అలవాటును మనం మానుకోవాలి.

ఈ పగ్గాలన్నీ ఒక జబ్బు ముందు ఎలా నిలిచాయో చూద్దాం. వేగంగా పెరిగే కణితి నడిబొడ్డుకు రక్తనాళాలు సరిగా చేరవు. అక్కడ ఆక్సిజన్ చాలా తక్కువ. రక్తంతో పాటు వెళ్లే మందు కూడా అక్కడికి చేరదు, రేడియేషన్ కూడా అక్కడ బలహీనపడుతుంది. కణితులకు గురిపెట్టిన నానోకణాలపై పదేళ్ల పరిశోధనలను 2016లో ఒక బృందం సమీక్షిస్తే, ఎక్కించిన మోతాదులో కణితికి చేరింది మధ్యస్థంగా 0.7 శాతమే. అదే ఏడాది మార్టెల్ బృందం ఒక్కో ఎంసీ-1కి మందు నింపిన సుమారు 70 లైపోజోమ్‌లను, అంటే అతి చిన్న కొవ్వు బుడగలను, అతికించి, ఎలుకల్లో కణితి పక్కన ఇంజెక్షన్ చేసి, అయస్కాంతంతో అటు మళ్లించింది. వాటిలో 55 శాతం దాకా ఆక్సిజన్ కొరవడిన భాగాల్లోకి చొచ్చుకుపోయాయి. ఈ రెండు అంకెలను నేరుగా పోల్చకూడదు. ఒకటి రక్తంలోకి ఎక్కించినది, మరొకటి కణితి పక్కనే వేసినది. పైగా ఆ ఎలుకలు రోగనిరోధక శక్తి లేకుండా పెంచినవి. అయినా ఆ ప్రయోగం ఒక సంగతిని రుజువు చేసింది. అయస్కాంతం కణితి దాకా దారి చూపింది. కణితి లోపల, ఏ వైద్యుడి చూపూ చేరని చోట, తక్కువ ఆక్సిజన్‌ను వెతుక్కునే బ్యాక్టీరియా స్వభావమే మిగిలిన దారి చూపింది. ప్రాణమున్న ఇంజను మనకిచ్చే అసలు వరం ఈ పసిగట్టే గుణం.

ఇక్కడే మొదటి అభ్యంతరం లేస్తుంది. రోగాలు తెచ్చే బ్యాక్టీరియాను ఒంట్లోకి ఎక్కించడం వైద్యమా? ప్రశ్న న్యాయమైనదే, కానీ వైద్యం దీన్ని ఇంతకుముందే ఎదుర్కొంది. క్షయ టీకాగా మనందరికీ తెలిసిన బీసీజీ బతికున్న బ్యాక్టీరియానే. 1976 నుంచి దాన్ని మూత్రాశయ క్యాన్సర్‌కు చికిత్సగా వాడుతున్నారు, ఇప్పటికీ అది ప్రామాణిక చికిత్స. అయితే ఆశపడినవారికి చెంపపెట్టు లాంటి అనుభవమూ ఉంది. వీఎన్‌పీ20009 అనే బలహీనపరిచిన సాల్మొనెల్లాను 25 మంది క్యాన్సర్ రోగులకు ఎక్కించిన పరీక్ష ఫలితాలు 2002లో వెలువడ్డాయి. చాలామంది దాన్ని తట్టుకున్నారు, కానీ ఒక్కరి కణితీ కుంచించుకుపోలేదు. ఎలుకల్లో కణితులను ఆక్రమించిన ఆ బ్యాక్టీరియా మనుషుల్లో కొద్దిమంది కణితుల్లోనే కనిపించింది. జీవిని బలహీనపరిస్తే రోగికి భద్రత వస్తుంది, కానీ అది చేయాల్సిన పని కూడా బలహీనపడవచ్చు. కణితికి చేరేదాకా చురుగ్గా ఉండాలి, పని ముగిశాక మిగలకూడదు. అందువల్ల అదుపును చివర్లో అతికించే భద్రతా పరికరంగా చూడడం తప్పు. మందు పనిచేయడమే దాని మీద ఆధారపడి ఉంది.

రెండో అభ్యంతరం ఇంజనీర్లది. ప్రాణం లేని రోబోలే ఉన్నప్పుడు ఈ తలనొప్పి ఎందుకని వారడుగుతారు. ఇది బలమైన వాదన. బెంగళూరులో అంబరీష్ ఘోష్ బృందం మరమేకు ఆకారంలో చేసిన నానోరోబోలను తిరిగే అయస్కాంత క్షేత్రంతో నడుపుతోంది. 2022లో వాటిని పంటి లోపలి సన్నని గొట్టాల్లోకి పంపి, అక్కడ దాగిన బ్యాక్టీరియాను వేడితో చంపి చూపింది. పన్ను లాగా దారి తెలిసిన, బయటి నుంచి చేరుకోగల చోట్లకు ఇలాంటివే మేలని ఒప్పుకోవాలి. అవి పిల్లల్ని పెట్టవు, రూపు మార్చుకోవు. కానీ కణితి లోపలి దారి మనిషికి మనిషికి వేరు, వారం వారానికి వేరు. అక్కడ ఎటు పోవాలో బయటి నుంచి చెప్పలేం. సొంతంగా పసిగట్టే గుణం లేని రోబోకు ఎంత మంచి క్షేత్రమిచ్చినా దారి తెలియదు. కాబట్టి ఒకటి గెలిచి ఒకటి ఓడే పోటీ కాదిది. ఏ పనికి ఏది తగునో తేల్చుకోవాల్సిన సంగతి.

మూడో అభ్యంతరం శరీరం పెట్టేది. పెద్ద రక్తనాళాల్లో ప్రవాహం సెకనుకు పదుల సెంటీమీటర్లు. ఈ.కోలి సెకనుకు ఈదేది ఇరవై ముప్పై మైక్రాన్లు, ఎంసీ-1 లాంటి వేగవంతమైనవి దానికి కొన్ని రెట్లు. ఆ ప్రవాహానికి ఎదురీదడం దేనికీ సాధ్యం కాదు. రక్తంలో వేసి ఒంట్లో ఎక్కడికైనా పంపుతామనే ప్రచారాన్ని పాఠకులు నమ్మకూడదు. కణితి పక్కనో, మూత్రాశయం, పేగు లాంటి గదుల్లోనో వేసి, చివరి కొద్ది మిల్లీమీటర్ల దూరం ఈదించడం వరకే ఇప్పటి నిజాయితీ గల లక్ష్యం. ఆ చివరి మిల్లీమీటర్లు చిన్న సంగతేమీ కాదు. మందు ఓడిపోయేది సరిగ్గా అక్కడే.

నాలుగోది పౌరుల అభ్యంతరం. ఈ జీవులు ప్రయోగశాల దాటి వస్తే, జన్యువులు మార్చినవి నీటిలో కలిస్తే ఎవరు బాధ్యులు? ఈ ప్రశ్న అడిగే హక్కు విశాఖకు ఎక్కువే ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి కమ్ముకుని జనం ప్రాణాలు కోల్పోయిన ఊరిది. భయపడకండి అనే మాటతో ఇక్కడ నమ్మకం రాదు. మన దేశంలో ప్రమాదకర సూక్ష్మజీవులనూ, జన్యుమార్పిడి చేసిన జీవులనూ వాడడానికి 1989 డిసెంబరులో పర్యావరణ పరిరక్షణ చట్టం కింద నియమాలు వచ్చాయి. బ్యాక్టీరియా రోబోకు వాటితో పాటు మందుల నియమాలూ, వైద్య పరికరాల నియమాలూ వర్తించాలి, ఎందుకంటే అది మూడూ కలిసిన వస్తువు. అనుమతి అడిగేవారు మూడు సంగతులు ముందే చూపాలి. పని ముగిశాక జీవిని చంపే మార్గం, అది నిజంగా చచ్చిందని కొలిచే పద్ధతి, ఆ కొలతలను జనం చూడగలిగే ఏర్పాటు. ఇవి లేనిచోట వద్దనడం అభివృద్ధి వ్యతిరేకత కాదు, పౌరధర్మం.

ఈ మాట చెప్పడం పరిశోధనను ఆపడానికి కాదు, అది ఇక్కడ సరిగా మొదలవ్వాలని. అందుకు కావలసినవి విశాఖలో విడివిడిగా ఉన్నాయి. ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్ల నుంచి వచ్చే నీటిలోని ఫీనాల్‌ను బ్యాక్టీరియాలే తిని శుభ్రం చేస్తాయి. బతికున్న జీవులకు ఆక్సిజన్ ఎంత, ఆహారం ఎంత అని రోజూ చూసుకుంటూ పని చేయించే అనుభవం అక్కడి సిబ్బందికి ఉంది. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. 2018 నుంచి వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ ఉంది. 1926 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. వీటిని కలిపే మొదటి అడుగుగా రోబోలే తయారుచేయనక్కర్లేదు. రేవు బురదలో, భీమిలి ఉప్పునీటిలో, మడ అడవుల్లో ఉన్న ఈదే బ్యాక్టీరియాలను వేరుచేసి, అవి దేనికి మళ్లుతాయి, దేనికి ఆగుతాయి, మన శరీరపు వేడికి ఎంతసేపు నిలుస్తాయి అని కొలిచి భద్రపరచడం చాలు. ఖర్చు తక్కువ, ప్రమాదం తక్కువ, ఫలితం ప్రపంచానికంతా పనికొస్తుంది. ప్రపంచంలో ఎక్కడ బ్యాక్టీరియా రోబో తయారైనా చివరకు కావలసింది మళ్లించే గుణం, ఆగే గుణం ఉన్న జీవి. అలాంటి జీవిని వెతికి, పరీక్షించి, దాని మంచిచెడ్డలకు పూచీ పడగల ఊరికి ఈ శాస్త్రంలో కొనుగోలుదారు స్థానం కంటే పెద్ద స్థానమే దక్కుతుంది. ఆ స్థానం కోసం విశాఖ పనిచేయాలి.